గుంత ఉందా అని కాదు, ఎన్ని లీటర్లు పట్టిందని అడగాలి

హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటుకు వెళ్లి ఇంకుడు గుంత ఎక్కడుందని వాచ్‌మన్‌ని అడగండి. చాలాచోట్ల చూపిస్తాడు. గేటు పక్కనో, వెనక సెట్‌బ్యాక్ (గోడకూ ప్రహరీకీ మధ్య వదిలే జాగా) మూలనో నాలుగడుగుల చదరంలో కంకర, చుట్టూ ఒక ఇటుక వరస కనిపిస్తాయి. డాబా మీది నీళ్లు ఏ పైపులో ఇందులోకి దిగుతాయని అప్పుడు అడగండి. సమాధానం అక్కడ తడబడుతుంది. పైపు గోడ వెంట దిగి, గచ్చు కిందుగా వెళ్లి, చాలాసార్లు డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో తేలుతుంది. గుంత పొడిగా, ఫోటోకు పనికొచ్చేలా మిగిలిపోతుంది.

చట్టాలు లేక ఇలా జరగడం లేదు. నీళ్లు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. 2012లో వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నియమాల్లో ఇంకుడు గుంతతో పాటు సెట్‌బ్యాక్‌లో మీటరు వెడల్పున పచ్చని పట్టీ, పెద్ద స్థలాల్లో టాట్‌లాట్ పేరుతో ఖాళీ జాగా వదలాలన్న షరతులున్నాయి. పచ్చదనాన్ని నిలబెట్టకపోతే ఏటా ఆస్తిపన్నులో పది శాతం అదనంగా వసూలు చేయవచ్చని కూడా రాసి ఉంది. కాగితం మీద చూస్తే దేశంలోని చాలా నగరాల కంటే మనమే ముందున్నాం. లోపమంతా ఆ నియమం అడిగే ప్రశ్నలోనే ఉందని నా వాదన. అది వస్తువును లెక్కపెడుతుంది, నీళ్లను లెక్కపెట్టదు. "గుంత ఉందా?" అన్నదానికి "ఉంది" అని జవాబు వచ్చాక ఫైలు ముందుకు కదులుతుంది. ఈ స్థలంలో పడే వానలో ఎన్ని లీటర్లు ఈ స్థలంలోనే ఆగుతాయి, ఎన్ని గంటల్లో ఇంకుతాయి అని అడిగే గడి ఆ ఫైలులో ఉంటే కథ వేరేగా నడిచేది.

లెక్క కష్టమేమీ కాదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మూడు వందల గజాల స్థలం అంటే సుమారు 250 చదరపు మీటర్లు. అందులో డాబా 150, పార్కింగ్ టైల్సూ గచ్చూ కలిపి 80, మిగతా 20 మట్టి అనుకుందాం. 25 మిల్లీమీటర్ల వాన పడితే డాబా నుంచి పదో వంతు తరుగు పోను 3,400 లీటర్లు, గచ్చు నుంచి ఇంకాస్త ఎక్కువ తరుగు పోను 1,700 లీటర్లు దిగుతాయి. మొత్తం ఐదు వేల లీటర్ల పైచిలుకు, అంటే నిండుగా ఒక వాటర్ ట్యాంకరు. వేసవిలో డబ్బు పెట్టి కొనుక్కునే ఆ ట్యాంకరే జులైలో గేటు దాటి రోడ్డు మీదికి పోతుంది.

ఇప్పుడు గుంత వైపు చూద్దాం. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు అంటే 96 ఘనపుటడుగులు, సుమారు 2,700 లీటర్లు. కానీ అది ఖాళీగా లేదు, నిండా కంకర ఉంది. కంకర రాళ్ల మధ్య సందులు మొత్తంలో 35 నుంచి 40 శాతమే ఉంటాయి. కాబట్టి అందులో పట్టేది సుమారు వెయ్యి లీటర్లు, వచ్చే నీళ్లలో ఐదో వంతు.

ఇంకుతూ ఉంటుంది కదా, మిగతావి కూడా పడతాయి కదా అంటారు. అదీ చూద్దాం. నేల గంటకు 15 మిల్లీమీటర్ల చొప్పున నీళ్లు తాగుతుందనుకుంటే, ఆ గుంత అడుగూ పక్కలూ కలిపి గంటకు నూట అరవై లీటర్ల లోపే ఇంకిస్తాయి. వాన మాత్రం గంటలో ఐదు వేల లీటర్లు తెచ్చి పోస్తుంది. వాన పడే గంటలో ఇంకడాన్ని నమ్ముకోకూడదు, పట్టే చోటును నమ్ముకోవాలి. ఇంకడం ఆ తర్వాత తీరిగ్గా జరిగే పని. ఈ ఒక్క తేడా తెలియకే చాలామంది డిజైనర్లు గుంత కొలతను పక్క సైటు డ్రాయింగ్ నుంచి దించేస్తుంటారు.

అదే మూడు వందల గజాల స్థలంలో ఆరడుగుల వ్యాసంతో పదడుగులు తవ్వి, మధ్యలో నాలుగడుగుల సిమెంటు రింగులు దించి, వాటి చుట్టూ కంకర నింపితే ఏమవుతుంది? రింగుల లోపలి ఖాళీలో 3,500 లీటర్లు, చుట్టూ ఉన్న కంకర సందుల్లో ఇంకో 1,500. ట్యాంకరు నీళ్లు మొత్తం పట్టేశాయి. రింగులకు పక్కల రంధ్రాలుండాలి, అడుగున కాంక్రీటు వేయకూడదు, పైన మనిషి దిగేంత మూత ఉండాలి. ఖాళీ గుంత కాబట్టి పూడికను బకెట్టుతో తోడేయవచ్చు. కంకర నింపిన గుంత పూడిపోతే మొత్తం తవ్వి తీయాల్సిందే. ఆ పని చేసేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు.

పెద్ద స్థలాలకు వస్తే నియమం మరీ వింతగా మారుతుంది. ఎకరం అపార్ట్‌మెంటు స్థలం 4,047 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వానకు తరుగు పోను 86 వేల లీటర్లు వస్తాయి. నాలుగు నాలుగు ఆరు కొలత గుంతలైతే ఎనభై ఆరు తవ్వాలి. ఎవరూ తవ్వరు. నాలుగో ఐదో తవ్వి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. కానీ అదే స్థలంలో పది శాతం, అంటే నాలుగు వందల చదరపు మీటర్లు టాట్‌లాట్‌గా వదలాలని నియమం ఇప్పటికే చెబుతోంది. దాన్ని మనవాళ్లు ఎలా కడతారు? చుట్టూ అరడుగు ఎత్తు కర్బ్ (అంచు గట్టు) కట్టి, లోపల మట్టి పోసి, గచ్చు కంటే ఎత్తులో పచ్చిక పరుస్తారు. వాన పడగానే ఆ పచ్చిక మీది నీళ్లు కూడా గచ్చు మీదికే దిగుతాయి.

ఎత్తు చేసే బదులు దించండి. గచ్చు కంటే 15 సెంటీమీటర్లు పల్లంగా ఉంచి, కర్బ్‌లో అక్కడక్కడ అడుగు వెడల్పు గండ్లు పెడితే పైన నిలిచే నీళ్లే అరవై వేల లీటర్ల దాకా ఉంటాయి. కింద 45 సెంటీమీటర్ల మందాన ఇసుక పాలు ఎక్కువున్న మట్టి వేస్తే ఆ సందుల్లో 36 వేలు పడతాయి. నిన్న కూడా వాన పడి మట్టి తడిగా ఉంటుందని అందులో సగమే లెక్కలోకి తీసుకున్నా, మొత్తం 78 వేలు. మిగిలిన ఎనిమిది వేలకు రెండు రింగుల గుంతలు చాలు. కొత్తగా స్థలం పోలేదు. ఎలాగూ పరిచే పచ్చికే అది. మట్టి పోసి ఎత్తు చేసే ఖర్చు తగ్గి, మట్టిమిశ్రమం ఖర్చు పెరుగుతుంది. ఇంత తేలిక పనిని నియమం ఎందుకు అడగదు? నియమంలో ఉన్నది "ఖాళీ జాగా" అన్న మాటే. ఆ జాగా ఏ మట్టంలో ఉండాలో అందులో లేదు.

సెల్లార్ స్లాబు మీద వేసిన పచ్చికకు ఈ లెక్క పూర్తిగా వర్తించదు. కింద కాంక్రీటు ఉంటే ఇంకడం ఉండదు. నీళ్లను కొంతసేపు ఆపి సన్న రంధ్రంలోంచి మెల్లగా వదలడమే కుదురుతుంది. అదీ మేలే, కానీ భూగర్భ జలానికి చుక్క చేరదు. రెండు మూడు అంతస్తుల సెల్లార్లు స్థలాన్ని అంచుదాకా తినేస్తున్న చోట, టాట్‌లాట్‌లో కనీసం సగం అసలు నేల మీదే ఉండాలని నియమంలో రాయాలి.

మట్టిమిశ్రమం విషయంలో జరిగే తప్పు ఒకటుంది. పచ్చిక బాగా పెరుగుతుందని నల్లమట్టి తెచ్చి పోస్తారు. అది తడవగానే ఉబ్బి సందులు మూసుకుంటుంది, పైన చెరువవుతుంది. కావలసింది దొడ్డు ఇసుక మూడింట రెండు వంతుల దాకా, మిగతాది ఎర్రమట్టి, బాగా మాగిన కంపోస్టు. రోబో ఇసుక వాడితే కడిగినదే వాడాలి. కడగని రోబో ఇసుకలో రాతి పొడి ఎక్కువ, రెండు వానలకే పైన గట్టి పొర కడుతుంది. మొక్కలు ఒక రోజు నీళ్లలో ఉన్నా, ఆ తర్వాత నెలల ఎండకూ తట్టుకునేవి కావాలి. వట్టివేరుకు సాటి లేదు. నీళ్లు చేరే గండ్ల దగ్గర మెట్టతామర కూడా బాగానే నిలుస్తుంది, వేసవిలో కాస్త తడి అందిస్తే. దోమలు పెరుగుతాయేమోనని నివాసితులు భయపడటం సహజం. గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. పల్లంలో నీళ్లు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతే దోమకు వ్యవధి చాలదు. మూడో రోజుకూ నీళ్లు నిలిచాయంటే అక్కడ మట్టి చెడిందన్నమాట.

నేల ఎంత తాగుతుందో ముందే తెలుసుకోవాలి. దీనికి లాబొరేటరీ అక్కర్లేదు. గుంత అడుగు ఏ లోతున వస్తుందో ఆ లోతుకు తవ్వించి, అక్కడ అడుగు వ్యాసం, అడుగు లోతున చిన్న గొయ్యి తీయాలి. కనీసం నాలుగు గంటలు అందులో నీళ్లు తగ్గకుండా పోస్తూ ఉండాలి. మే నెలలో ఎండిన నేల మొదటి గంటలో గటగటా తాగేసి మోసం చేస్తుంది, అందుకే ఈ నానబెట్టడం. తర్వాత 15 సెంటీమీటర్లు నింపి ప్రతి అరగంటకూ స్కేలుతో ఎంత దిగిందో చూసి, మళ్లీ నింపాలి. వరసగా రెండు కొలతలు ఒకేలా వచ్చేదాకా కొనసాగించాలి. అరగంటకు 12 మిల్లీమీటర్లు దిగితే గంటకు 24. డిజైన్‌లో అందులో సగం, 12 మాత్రమే వాడాలి, ఎందుకంటే కాలం గడిచేకొద్దీ పూడిక ఎలాగూ చేరుతుంది.

ఈ పరీక్ష చేయకుండా నగరమంతటికీ ఒకే గుంత బొమ్మ ఇవ్వడం వల్లనే చాలా గుంతలు మొదటి రోజే ఉత్త తొట్లవుతున్నాయి. మొరం నేలలో చక్కగా పనిచేసే గుంత, జూబ్లీహిల్స్‌లాంటి చోట మూడడుగులకే రాయి తగిలితే ఏం చేయగలదు? అక్కడ గుంతలోంచి పగుళ్లున్న రాతి పొర దాకా బోరు దించాలి. ఎండిపోయిన పాత బోరున్నా దాన్నే వాడుకోవచ్చు. గుంత లోపలికి వచ్చే కేసింగుకు (బోరు గొట్టానికి) గాట్లు పెట్టి, నైలాన్ జాలీ చుట్టి, చుట్టూ కంకర, పైన దొడ్డు ఇసుక వేస్తారు. అయితే ఇందులోకి డాబా నీళ్లు తప్ప ఇంకేవీ పోకూడదు. పార్కింగ్‌లో కారిన ఆయిలు, కడిగిన సబ్బునీళ్లు బోరులోకి వెళ్తే వీధి మొత్తం తాగే నీళ్లలో కలుస్తాయి. మట్టి వడపోత అక్కడ లేదు మరి. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో చాలాచోట్ల వానాకాలంలో ఐదారడుగులకే నీళ్లు తగులుతాయి. అక్కడ లోతైన గుంత తవ్వమనడం బావి తవ్వమనడమే. అలాంటిచోట సంపులో పట్టి వాడుకోవడమో, పల్లపు పచ్చికో సరైనది. నియమం లీటర్లను అడిగితే ఏ పద్ధతిలో పట్టాలో నేలను చూసి ఇంజనీరు తేల్చుకుంటాడు. గుంతను అడిగితే అతనికి ఆ వెసులుబాటు లేదు.

కట్టేటప్పుడు ఏం చెడుతుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే డ్రాయింగులో తప్పులేని గుంతలు కూడా సైటులో చచ్చిపోతాయి. అన్నిటికంటే పెద్ద హంతకి సిమెంటు బురద. గుంతను ముందే తవ్వి పెడితే, మేస్త్రీలు తాపీలు కడిగేదీ, టైల్ కోసిన నీళ్లు వదిలేదీ అందులోకే. ఆ బురద అడుగున గట్టిపడితే ఎర్రమట్టి కూడా చుక్క తాగదు. అందుకే గుంతా, పచ్చిక పల్లమూ పెయింటు పని కూడా అయ్యాక, ఆఖర్న చేయాలి. పల్లం వచ్చే చోట లారీలు, జేసీబీలు తిరగకుండా తాడు కట్టాలి. ఒకసారి బరువుకు అణిగిన నేలను అడుగు లోతున గుల్ల చేయకపోతే అది మళ్లీ తాగదు. కంకర స్థానంలో విరిగిన ఇటుకలు, ప్లాస్టరు పెళ్లలు నింపడం ఇంకో అలవాటు. అది నలిగి పొడి అయి సందులు పూడుస్తుంది. కడిగిన 40 మిల్లీమీటర్ల కంకర అడుగున, 20 మిల్లీమీటర్లది దాని మీద, జాలీ పరిచి పైన దొడ్డు ఇసుక. ఈ వరస తప్పితే ఇసుక జారి కంకరలో కలిసిపోతుంది.

గుంతకు ముందు రెండడుగుల చదరపు పూడిక తొట్టి తప్పనిసరి. దాని మధ్యలో అడ్డుగోడ ఉంటే మట్టి అక్కడే దిగుతుంది. సీజను తొలి వాన డాబా మీది దుమ్మునూ పావురాల రెట్టనూ మోసుకొస్తుంది, దాన్ని పక్కకు వదలాలి. 150 చదరపు మీటర్ల డాబాకు ఒకటిన్నర మిల్లీమీటరు అంటే 225 లీటర్లు. బజారులో దొరికే ఆరంగుళాల నిలువు పైపు మీటరుకు పద్దెనిమిది లీటర్ల లోపే పడుతుంది. అంటే పన్నెండు మీటర్లకు పైగా పైపు కావాలి. రెండు వందల లీటర్ల డ్రమ్మో, చేత్తో తిప్పే వాల్వో మేలు. ఇక పొర్లు పైపు. దీన్ని పెట్టని చోట గుంత నిండగానే నీళ్లు వెనక్కి తన్ని పార్కింగ్‌లోకి వస్తాయి, నివాసితులు విసిగి ఇన్‌లెట్‌కు గుడ్డలు కుక్కేస్తారు. పొర్లు పైపు ఇన్‌లెట్ కంటే కిందుగా ఉండి వాననీటి కాలువలోకి వెళ్లాలి. మురుగు మ్యాన్‌హోల్‌లోకి కాదు. డాబాల నీళ్లు మురుగు లైన్లలో కలవడమే వాన రోజున మ్యాన్‌హోళ్లు పొంగడానికి ఒక పెద్ద కారణం. పునాదికి పదడుగుల దూరం కూడా పాటించాలి. నల్లరేగడిలో అయితే ఇంకా ఎక్కువ, ఆ నేల తడిసి ఉబ్బితే గోడలు పగులుతాయి.

పేవర్ల గురించి ఒక్క మాట. కాంక్రీటు బెడ్డు మీద పరిచి సందుల్లో సన్న ఇసుక ఊడ్చిన ఇంటర్‌లాకింగ్ పేవర్లు నీళ్లు తాగవు. కింద సందులున్న కంకర పొర, దాని మీద చిన్న చిప్స్, సందుల్లోనూ చిప్సే ఉంటేనే తాగుతాయి. ప్లానులో రెంటినీ ఒకే పేరుతో రాసి గట్టెక్కుతున్నారు.

లీటర్లను అడిగే నియమాలు ఊహలో ఉన్నవి కావు. ఫిలడెల్ఫియా 2006 నుంచి పదిహేను వేల చదరపుటడుగులకు మించి నేలను కదిపే నిర్మాణాలు తొలి అంగుళం వానను అక్కడే సర్దుకోవాలంది. 2015లో దాన్ని అంగుళంన్నరకు పెంచింది. మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ న్యూజెర్సీ అనుభవం మనకు ఇంకా దగ్గరిది. అక్కడ 2004 నాటి నియమం ఇలాంటి సహజ పద్ధతులను "వీలైనంత మేరకు" వాడమంది. వీలు కాదని రాసి తప్పించుకోవడానికి ఆ మాటే దారయింది. 2020లో సవరించి, 2021 మార్చి నుంచి పెద్ద నిర్మాణాలకు పచ్చని పద్ధతులను తప్పనిసరి చేశారు. ఒక చిన్న మొక్కల పల్లానికి రెండున్నర ఎకరాలకు మించి నీళ్లు మళ్లించకూడదని, ఇంకుడు బావిలోకి డాబా నీళ్లలాంటి శుభ్రమైన నీళ్లే పోవాలని, పరీక్షలో వచ్చిన ఇంకే వేగంలో సగమే లెక్కలోకి తీసుకోవాలని, మూడు రోజుల్లో ఖాళీ అవ్వాలని అంకెల్లో రాశారు. కట్టాక మళ్లీ పరీక్షించాలి. దాన్ని చూసుకునే బాధ్యతను కాలనీలోని విడివిడి ఇళ్ల యజమానుల నెత్తిన పెట్టకూడదని కూడా ఉంది. అంత దూరం ఎందుకు, బెంగళూరు కూడా చదరపు మీటరు పైకప్పుకు ఇన్ని లీటర్లు, గచ్చుకు ఇన్ని లీటర్లు అని రాసుకుంది. కట్టనివాళ్ల నీటి బిల్లులో అదనపు రుసుము వేస్తోంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. 2020 అక్టోబరులో బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడింది. ఎకరం స్థలం మీద అది ఏడున్నర లక్షల లీటర్లకు పైమాటే. మన పల్లపు పచ్చిక, గుంతలు కలిపి ఆపేది 86 వేలు. ఆ రోజున ఇది కాలనీలను కాపాడదు. చెరువులు, వాటిని కలిపే నాలాలు, వాటి పక్కన ఖాళీ నేల, వీటికి ప్రత్యామ్నాయం లేదు. పచ్చని పద్ధతుల పేరు చెప్పి చెరువు శిఖం (చెరువు నిండితే మునిగే నేల) మీద కట్టడానికి అనుమతి అడిగేవాళ్లను నమ్మవద్దు. కానీ ఏడాదిలో రోడ్లు మునిగే రోజుల్లో 19 సెంటీమీటర్లు ఎన్నిసార్లు పడుతుంది? గంటలో నాలుగైదు సెంటీమీటర్లు కొట్టి వెలిసే వానకే మనం మోకాళ్ల లోతు నీళ్లలో బండి తోస్తున్నాం. నగరంలోని కాలువలు గంటకు రెండు సెంటీమీటర్లకే సరిపోతాయని ఇంజనీర్లు ఎప్పటి నుంచో చెబుతున్న మాట. గంటకు ఐదు సెంటీమీటర్లు పడినప్పుడు స్థలం తన రెండున్నరను తానే ఆపుకుంటే కాలువకు చేరేది సగం. ఆ సగమే తేడా.

అమలుకు కొత్త సిబ్బంది కావాలన్నది రెండో అభ్యంతరం. 2020లో తెచ్చిన టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి 75 నుంచి 600 గజాల దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్ని వెనక్కి తిప్పాల్సిన అవసరం లేదు. దరఖాస్తులో నాలుగు అంకెలు అడిగితే చాలు: డాబా, గచ్చు ఎన్ని చదరపు మీటర్లు, 25 మిల్లీమీటర్లకు ఎన్ని లీటర్లు, పట్టే చోటు ఎన్ని లీటర్లు, నేల ఇంకే వేగం ఎంత. మూడో అంకె రెండోదాని కంటే తక్కువైతే దరఖాస్తు ముందుకు పోకూడదు. ఇక కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర ఫోటో బదులు ట్యాంకరు పరీక్ష పెట్టాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకరు నీళ్లను నేరుగా గుంతలో పోయకూడదు, డాబా మీద వదలాలి. పైపులు నిజంగా ఎటు వెళ్తున్నాయో అప్పుడే బయటపడుతుంది. నీళ్లు గుంతకు చేరాయా, గేటు దాటాయా చూసి, నిండిన మట్టం గుర్తు పెట్టి, మర్నాడు అదే సమయానికి ఎంత దిగిందో రాయాలి. చిన్న ఇంటికి ఒక ట్యాంకరు, పెద్ద స్థలానికి పైపు పైపుకూ ఒకటి. ఖర్చు బిల్డరుది. చిన్న ఇళ్లను వదిలేస్తే, భవనంలో పదో వంతు అప్పటికే మున్సిపాలిటీ దగ్గర తనఖాలో ఉంటుంది కాబట్టి పరీక్ష తప్పించుకోవడం అతనికి తేలిక కాదు.

ఆ తర్వాత భారం సొసైటీది. బిల్డరు తాళాలు ఇచ్చేటప్పుడు లిఫ్టు మాన్యువల్ ఇచ్చినట్టే గుంతల పటం, పొర్లు పైపు ఎటు వెళ్తుందో గీత, ట్యాంకరు పరీక్ష కాగితం కూడా ఇవ్వాలి. ఏటా మే ఆఖరున పూడిక తొట్టి ఖాళీ చేసి, గుంత పైన నాలుగైదు అంగుళాల ఇసుక తీసి కడిగి వేయాలి. పల్లపు పచ్చికలో గండ్ల దగ్గర చేరిన మట్టి గీకేయాలి. మూడేళ్లకోసారి ట్యాంకరు పరీక్ష మళ్లీ చేసి ఆ అంకెను ఆస్తిపన్ను రసీదుతో కలిపి దాఖలు చేయమంటే, జీవో 168లో పడి ఉన్న ఆ పది శాతం అదనపు పన్నుకు కూడా తొలిసారి ఒక ఆధారం దొరుకుతుంది.